మందుల పెట్టెలో పై అర ఎవరిది?

మా నాన్నగారి హోమియో పెట్టె ఇప్పుడు నా దగ్గర ఉంది. చెక్క పెట్టె, లోపల గళ్లు, గడికొక చిటికెనవేలంత సీసా, మూతల మీద ఆయన చేతిరాత. దెబ్బలకు ఆర్నికా, కాలితే కాంథరిస్, తేనెటీగ కుడితే ఏపిస్, మేకు గుచ్చుకుంటే లీడం, కడుపులో తిప్పితే నక్స్ వామికా. చిన్నప్పుడు ఆ తీపి గుళికల కోసం దెబ్బ తగలకపోయినా ఏడ్చేదాన్ని.

పెద్దయ్యాక మా అమ్మాయి చేతి మీద మరుగుతున్న నీళ్లు ఒలికిన రోజున నేను పరుగెత్తింది కుళాయి దగ్గరికి కాదు, ఈ పెట్టె దగ్గరికి. కాంథరిస్ వెతికి, మూత తీసి, నాలుగు గుళికలు తన నాలుక మీద వేసేసరికి మణికట్టు పక్కన చర్మం తెల్లగా ఉబ్బింది. ఆ నిమిషాలు నీళ్ల కింద గడవవలసినవి. తర్వాత పెట్టె మొత్తం ఖాళీ చేసి మళ్లీ సర్దాను. ఎలా సర్దానో చెబుతాను.

కాలిన గాయానికి మొదటి మందు నీళ్లే. కుళాయి ధార సన్నగా పెట్టి, గడియారం చూసుకుంటూ 20 నిమిషాలు చేయి దాని కింద ఉంచాలి. ఐదు నిమిషాలకే నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, పిల్లలు చేయి లాక్కుంటారు. అయినా ఆపకూడదు, చర్మం లోపలి వేడి ఇంకా దిగలేదు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయాలి. ఐసు, టూత్‌పేస్టు, నూనె వద్దు. బొబ్బ చిదమకూడదు. తర్వాత అతుక్కోని శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి. ముఖం, కీళ్లు, మర్మాంగాలు కాలినా, గాయం బాధితుడి అరచేయి కంటే పెద్దదైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందుకే పై అరలో గాయం మీద వేసే పలుచని గాజ్ గుడ్డలు, రోల్ బ్యాండేజీలు, ప్లాస్టర్లు, కత్తెర, చిన్న పట్టకారు, చేతి తొడుగులు, థర్మామీటర్, ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసెటమాల్ పెట్టాను. పిల్లలకు పారాసెటమాల్ వయసును కాదు, బరువును బట్టి ఇవ్వాలి: కిలోకు 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా.

రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. ఆగిందో లేదోనని మధ్యలో ఎత్తి చూడటమే అందరూ చేసే పొరపాటు. పది నిమిషాలు చేయి తీయవద్దు. ముక్కు నుంచి కారితే తల ముందుకు వంచి, మెత్తని భాగాన్ని నొక్కి ఉంచాలి. కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించాలి. ఇక్కడ లీడం మీద ఆధారపడటం ప్రాణాంతకం.

ఈ మాట నాన్నగారి పట్ల ప్రేమతోనే అంటున్నాను. 30 పొటెన్సీ అంటే ఒక వంతు మందును 99 వంతుల ద్రావకంలో కలపడం, అలా 30 సార్లు. 12వ సారి దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ఏ జబ్బుకైనా హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. అలాగని అన్నీ నిరపాయం కూడా కాదు. పళ్లు వచ్చే పసిపిల్లల కోసం అమ్మిన కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం లేబుల్ మీద రాసినదానికి మించి ఉన్నట్టు 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గుర్తించింది. మదర్ టింక్చర్లలో, అంటే ఇంకా పలుచన చేయని మూల ద్రావణాల్లో, ఆల్కహాలు ఉంటుంది, పచ్చి గాయం మీద పోయకూడదు.

విరేచనాల విషయంలో నాకు రాజీ లేదు. శిశువుల విరేచనాలకు హోమియోపతి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. పోయిన నీరు, లవణాలు తిరిగి లోపలికి వెళ్లాలి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా తీసి కలపండి. తాగినది కక్కేస్తుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కళ్లు గుంటలు పడినా, మూత్రం ఆగినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి.

తేనెటీగ కుడితే ముల్లును వెంటనే తీసేయాలి, ఎలా తీశామన్నది తర్వాత. చల్లని గుడ్డ వేయాలి. పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా అంబులెన్సును పిలవాలి. అడ్రినలిన్ ఇంజెక్షన్ తప్ప అక్కడ మరేదీ పనికిరాదు.

నాన్నగారి సీసాలు కింది అరలో ఉన్నాయి. మోకాలు గీరుకున్న పిల్లవాడికి గాయం కడిగి, ప్లాస్టర్ వేశాక, కావాలంటే ఒక గుళిక ఇస్తాను. తీపికి ఏడుపు ఆగుతుంది.

మూత లోపల ఒక కాగితం అంటించాను: అంబులెన్సు నంబరు, ఎవరికి ఏ మందు పడదు, చివరి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించాం, పిల్లల బరువు. బరువు పెన్సిలుతో రాశాను, ఆరు నెలలకోసారి గడువు తేదీలు చూసేటప్పుడు చెరిపి మళ్లీ రాస్తాను.