హొరైజన్ తప్పు చూపిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరిన ఎయిర్ ఇండియా 855 విమానం, 'ఎంపరర్ అశోక' అనే బోయింగ్ 747, టేకాఫ్ అయిన 101 సెకన్లకే బాంద్రా తీరం దగ్గర అరేబియా సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్న 213 మందీ చనిపోయారు. దర్యాప్తులో చెడినట్టు తేలిన పరికరం ఒకటే: కెప్టెన్ ముందున్న ఏడీఐ. విమానం ఎటు ఒరిగిందో, ముక్కు పైకి ఉందో కిందికి ఉందో చూపించే కృత్రిమ హొరైజన్ అది. ఒక్క డయల్ చెడితే అంత పెద్ద విమానం ఎందుకు పడిపోవాలి? కింద రాసిన మొదటి రెండు లక్షణాలూ ఆ రాత్రి ఒకేసారి వచ్చాయి కాబట్టి.

లక్షణం 1: స్టీరింగ్ తిప్పుతున్నా హొరైజన్ కదలదు, లేదా రెండు హొరైజన్లు రెండు రకాలుగా చూపిస్తాయి

కారణం: డయల్ చెడి ఉండొచ్చు. విమానం ఒరుగును పట్టి దానికి సమాచారం పంపే జైరో యూనిట్ గానీ, మధ్యలో వైరింగ్ గానీ చెడి ఉండొచ్చు. పూర్తిగా ఆరిపోయిన డయల్‌తో ప్రమాదం తక్కువ, దాన్ని ఎవరూ నమ్మరు. ఒకచోట ఇరుక్కుపోయి, చూడటానికి మామూలుగా కనిపించేదే ముంచుతుంది. 855 కుడివైపు కొద్దిగా తిరిగి మళ్ళీ సమంగా వచ్చాక కూడా కెప్టెన్ ఏడీఐ కుడికి ఒరిగినట్టే చూపించింది. సరిచేద్దామని ఆయన ఎడమకి తిప్పారు. డయల్ మారలేదు. ఇంకా తిప్పారు. విమానం 90 డిగ్రీలు దాటి, 108 డిగ్రీల దాకా ఎడమకి ఒరిగిపోయింది. కోపైలట్ డయల్ చెడకపోయినా, తనదీ దెబ్బతిన్నట్టే జవాబిచ్చాడు. కెప్టెన్ డయల్‌ని నమ్మొద్దని ఫ్లైట్ ఇంజినీర్ హెచ్చరించేసరికి ఆలస్యమైపోయింది.

పరిష్కారం: గడియారాలు రెండే ఉండి చెరో టైమ్ చూపిస్తే ఏది తప్పో తేలదు, మూడోది కావాలి. అందుకే కెప్టెన్, కోపైలట్ డయల్స్‌కి మధ్యలో స్టాండ్‌బై (అదనపు) హొరైజన్ పెట్టారు. మూడింటినీ చూడండి. ఏ రెండు కలిస్తే అవే నమ్మదగినవి. ఎవరి డయల్ బాగుంటే కంట్రోల్ వాళ్ళే తీసుకోవాలి, 'ఐ హావ్ కంట్రోల్' అని గట్టిగా చెప్పాలి. చెడిన వైపు సోర్స్ సెలెక్టర్‌ని (డయల్‌కి సమాచారం ఎక్కడినుంచి రావాలో ఎంచే స్విచ్) ఆల్టర్నేట్‌కి, అంటే రెండో సోర్స్‌కి, మార్చడం ఆ తర్వాతి పని. అప్పటికే బాగా ఒరిగిపోయి ఉంటే ముందు రెక్కలు సమం చేయాలి, ఆ తర్వాతే ముక్కు లేపాలి. ఒరిగి ఉండగా వెనక్కి లాగితే మలుపు బిగుసుకుంటుంది తప్ప విమానం పైకి రాదు.

లక్షణం 2: ఒంటికి నిటారుగానే ఉన్నట్టుంది, పరికరాలు కాదంటున్నాయి

కారణం: లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ద్రవం కదిలితేనే తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. చాలా నెమ్మదిగా ఒరిగితే ఆ కదలిక పట్టుబడదు. ఒకే వేగంతో కొంతసేపు తిరుగుతూ ఉంటే ద్రవం సర్దుకుని, తిరగడం ఆగిపోయినట్టే అనిపిస్తుంది. పగలైతే బయటికి చూసి తేల్చుకోవచ్చు. చీకట్లో సముద్రం మీద కింద నీళ్ళేవో పైన ఆకాశమేదో తెలియదు.

పరిష్కారం: ఇక్కడ చాలా పాఠాలు 'ఒంటిని కాదు, పరికరాన్ని నమ్ము' అని ఆగిపోతాయి. నా లెక్కలో ఆ సలహా సగమే. 855 కెప్టెన్ నమ్మింది పరికరాన్నే కదా. పరికరం తప్పో ఒప్పో తేల్చాల్సింది ఒళ్ళు కాదు, మిగతా పరికరాలు: స్టాండ్‌బై, టర్న్ ఇండికేటర్, తిరుగుతున్న దిక్సూచి, పడిపోతున్న ఎత్తు.

లక్షణం 3: హెచ్చరిక మోగుతోంది, ఎవరూ ఏమీ అనడం లేదు

1999 డిసెంబర్ 22న లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో కొరియన్ ఎయిర్ కార్గో 747 కి జరిగింది ఇదే. కెప్టెన్ హొరైజన్ ఒరగడాన్ని చూపించలేదు. రెండు డయల్స్ కలవడం లేదని అలారం మోగుతూనే ఉంది. ఫ్లైట్ ఇంజినీర్ 'బ్యాంక్' (ఒరిగిపోతోంది) అని అరిచాడు. సరైన డయల్ ఎదురుగా ఉన్న కోపైలట్ నోరు విప్పలేదు. టేకాఫ్ అయిన నిమిషంలోపే విమానం నేలకూలి నలుగురు సిబ్బందీ చనిపోయారు. కారణం యంత్రంలో ఎంత ఉందో సీనియారిటీ భయంలోనూ అంతే ఉంది. పరిష్కారం సిమ్యులేటర్‌లోనే మొదలవ్వాలి: జూనియర్ చేత కంట్రోల్ లాక్కునే అభ్యాసం చేయించాలి. మాటతో చెప్పించి వదిలేస్తే చాలదు.

లక్షణం 4: హొరైజన్ బాగుంది, స్పీడ్ అర్థం లేకుండా ఉంది

ఇది వేరే జబ్బు: ఎదురుగాలి ఒత్తిడి పట్టే పిటాట్ ట్యూబ్ గానీ, చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి పట్టే రంధ్రం స్టాటిక్ పోర్ట్ గానీ మూసుకుపోయింది. 1996 అక్టోబర్‌లో ఏరోపెరూ 603 కి కడిగేటప్పుడు అంటించిన టేపు తీయడం మరిచారు, 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447 కి మంచు అడ్డుపడింది. స్పీడ్ అంకెల వెంట పడకుండా ముక్కు కోణం, ఇంజిన్ పవర్ మాన్యువల్‌లో చెప్పినంత పెట్టి ఉంచాలి. స్టాటిక్ పోర్ట్ మూసుకుంటే ఎత్తు కూడా తప్పే చూపిస్తుంది, అప్పుడు నేలకి దగ్గరగా ఉంటే, రేడియో తరంగాలతో ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ దిక్కు.

లక్షణం 5: సరిచేశాక టెస్ట్ పాసైంది, గాల్లో మళ్ళీ అదే

స్టాన్‌స్టెడ్ విమానంలో ఈ లోపం అంతకుముందు ప్రయాణంలోనే బయటపడింది. నేల మీద ఏడీఐ వెనక కనెక్టర్‌లో పిన్ను సరిచేశారు, టెస్ట్ బాగానే వచ్చింది. అసలు లోపం దానికి సమాచారం పంపే ఇనర్షియల్ నావిగేషన్ యూనిట్‌లో ఉంది. కాబట్టి లాగ్‌బుక్‌లో 'ఏడీఐ పనిచేయడం లేదు' అని రాస్తే సరిపోదు. ఎటు ఒరిగినప్పుడు తప్పు చూపించింది, సెలెక్టర్ ఆల్టర్నేట్‌కి మారిస్తే సరైందా అన్నది కూడా రాయాలి. మారిస్తే సరైందంటే డయల్ మంచిదే, వెతకాల్సింది పాత సోర్స్‌లో, అక్కడినుంచి వచ్చే వైరింగ్‌లో.