డేటాబేస్ పడిపోతే ముందు కాపాడాల్సింది పీజీ వాల్ ఫోల్డర్‌ని

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పడిపోయిందని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే. పీజీ వాల్ ఫోల్డర్ అలాగే ఉందా, ఎవరైనా ముట్టుకున్నారా? బ్యాకప్ సంగతి తర్వాత. మొన్నటి బ్యాకప్ ఇంకో గంట ఆగినా అక్కడే ఉంటుంది. ఆఖరి అరగంటలో పడ్డ ఎంట్రీలు మాత్రం ఆ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ ఏ మార్పునైనా ముందు పీజీ వాల్ ఫోల్డర్‌లో వాల్ అనే ఫైళ్లలో రాసుకుంటుంది, టేబుల్ ఫైళ్లలోకి తర్వాత ఎక్కిస్తుంది. దుకాణాల్లో చిట్టా, ఆవర్జా ఉన్నట్టే. అమ్మకం జరగ్గానే చిట్టాలో పడుతుంది, ఆవర్జాలోకి సాయంత్రం ఎక్కుతుంది. చిట్టా భద్రంగా ఉంటే ఆవర్జా చిరిగిపోయినా పాత నకలు తీసుకుని, మిగతాది చిట్టా చూసి రాసుకోవచ్చు. ఈ వాల్ 16 ఎంబీ ముక్కలుగా ఉంటుంది. మామూలుగా ముక్క నిండాకే ఆర్కైవ్‌కి, అంటే వాల్ నకళ్లు దాచే వేరే చోటికి, వెళ్తుంది. సగం నిండినది సర్వర్ మీదే ఉండిపోతుంది.

ఖమ్మంలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌కి నేను హైదరాబాద్ నుంచి డేటాబేస్ చూసిపెడతాను. కిందటి జూలైలో ఒక మంగళవారం పొద్దున 7:41కి అక్కడి డేటా డిస్క్ పాడైంది. పరగడుపున షుగర్ టెస్టుకి వచ్చినవాళ్లంతా కౌంటర్ ముందు వరసలో ఉన్నారు. ఆర్కైవ్‌లో చూస్తే ఆఖరి ఫైలు 6:52ది. మధ్యలో 49 నిమిషాలు, అంటే 212 బిల్లులు. అదృష్టం కొద్దీ వాల్ వేరే డిస్క్ మీద ఉంది.

ఇలాంటప్పుడు మొదటి పని అప్లికేషన్‌ని ఆపేయడం. సగం బతికిన డేటాబేస్‌లోకి కొత్త ఎంట్రీలు పడుతుంటే లెక్క ఎప్పటికీ తేలదు. కౌంటర్‌లో వాళ్లకి "కాసేపు రసీదు పుస్తకంలో రాయండి" అని స్పష్టంగా చెప్పండి. ఆ పుస్తకమే తర్వాత మీకు సాక్ష్యం.

రెండో పని లాగ్ చదవడం. టెన్షన్‌లో అందరూ రిస్టార్ట్ మీద రిస్టార్ట్ కొడతారు, దయచేసి అది వద్దు. కరెంటు పోయి మెషీన్ ఆగిపోయినా, మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే ప్రాసెస్‌ని చంపేసినా మీరు రిస్టోర్ చేయనక్కర్లేదు. స్టార్ట్ చేయగానే పోస్ట్‌గ్రెస్ ఆఖరి చెక్‌పాయింట్ నుంచి, అంటే మార్పులన్నీ టేబుల్ ఫైళ్లలోకి ఎక్కించేసిన ఆఖరి చోటు నుంచి, వాల్ చదువుకుని తనంతట తనే కోలుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో చంపకండి.

డిస్క్ నిండిపోయి ఆగితే కథ వేరు. అప్పుడు ఫోల్డర్లు తెరిచి చూస్తే అన్నిటికంటే పెద్దగా కనిపించేది పీజీ వాలే. "పాత లాగ్ ఫైళ్లేగా" అని చెరిపేశారో, డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. ఒకప్పుడు ఆ ఫోల్డర్ పేరు పీజీ ఎక్స్‌లాగ్. పేరు చూసి మామూలు లాగ్ అనుకుని చెరిపేసేవాళ్లు ఎక్కువై, 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో పేరే మార్చారు. చోటు కావాలంటే డిస్క్ పెంచండి, లేదా అదే డిస్క్ మీదున్న వేరే ఫైళ్లని ఇంకోచోటికి జరపండి. వాల్ పేరుకుపోవడానికి కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి: ఆర్కైవ్ కమాండ్ ఫెయిలవుతూ ఉండటం, లేదా ఎప్పుడో తీసేసిన రెప్లికా (అసలు సర్వర్‌కి నకలుగా నడిచే సర్వర్) కోసం వాల్‌ని పట్టి ఉంచే రెప్లికేషన్ స్లాట్ ఇంకా ఎదురుచూస్తూ ఉండటం.

స్ట్రీమింగ్ రెప్లికా, అంటే మార్పుల్ని అప్పటికప్పుడు అందుకునే రెప్లికా ఉంటే, రిస్టోర్ కంటే దాన్ని ప్రమోట్ చేయడమే, అంటే ప్రైమరీగా (అసలు సర్వర్‌గా) మార్చడమే వేగం. పాత ప్రైమరీ మళ్లీ లేచే అవకాశం లేకుండా ఆపాకే ప్రమోట్ చేయండి. రెండు సర్వర్లూ మేమే ప్రైమరీ అనుకుంటే రెండు చోట్లా వేరువేరు బిల్లులు పడతాయి, వాటిని కలపడం నరకం. ఒకటి గుర్తుంచుకోండి, ఎవరో పొరపాటున డిలీట్ కొడితే అది క్షణాల్లో రెప్లికాలో కూడా జరిగిపోతుంది. అప్పుడు రెప్లికా పనికిరాదు.

ఖమ్మంలో రెప్లికా లేదు. కాబట్టి రిస్టోరే దారి, దానికి ముందు ఉన్నదాన్ని కాపీ చేసుకోవాలి. అక్కడ సిస్టమ్స్ చూసే కుర్రాడు డేటా ఫోల్డర్ మొత్తాన్ని, చదవగలిగినంత మేరకు, వేరే డిస్క్‌కి కాపీ చేసి "అయిపోయింది అక్కా" అన్నాడు. కాపీలో పీజీ వాల్ సైజు ఎంతుందో చూడమన్నాను. సున్నా. నాకు గుండె ఆగినంత పనైంది. విషయం ఏమిటంటే, వాల్ వేరే డిస్క్ మీద ఉన్నప్పుడు డేటా ఫోల్డర్‌లో ఉండేది సిమ్‌లింక్, అంటే అసలు చోటుని చూపించే గుర్తు మాత్రమే. కాపీ కమాండ్‌కి మామూలుగా ఇచ్చే ఆర్కైవ్ ఆప్షన్‌తో (దీనికీ వాల్ ఆర్కైవ్‌కీ సంబంధం లేదు) కాపీ చేస్తే లింక్ కాపీ అవుతుంది, లోపలి ఫైళ్లు రావు. అసలు చోటుకి వెళ్లి ఆ ఫైళ్లని విడిగా కాపీ చేయించాను. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, సైజు సరిచూడండి. టేబుల్‌స్పేస్‌లు, అంటే టేబుళ్లని డేటా ఫోల్డర్ బయట ఉంచే ఫోల్డర్లు, వాడుతుంటే వాటికీ ఇదే చిక్కు.

ఇక రిస్టోర్. మంచి డిస్క్ మీద ఖాళీ ఫోల్డర్ తీసుకుని బేస్ బ్యాకప్‌ని, అంటే డేటా ఫోల్డర్ మొత్తానికి తీసిన నకలుని, అందులోకి దించండి. ఫోల్డర్ పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరు మీదే ఉండాలి, పర్మిషన్ 0700. బ్యాకప్‌తో వచ్చిన పీజీ వాల్‌లో ఉన్నవి తీసేసి, మీరు కాపాడిన ఫైళ్లని అక్కడ పెట్టండి. కాన్ఫిగరేషన్‌లో రిస్టోర్ కమాండ్ రాయండి, అంటే ఆర్కైవ్ నుంచి ఒక్కో ఫైలు ఎలా తెచ్చుకోవాలో చెప్పే లైను. 12వ వెర్షన్ నుంచి రికవరీ డాట్ సిగ్నల్ అనే ఖాళీ ఫైలు కూడా డేటా ఫోల్డర్‌లో ఉండాలి. ఇప్పుడు స్టార్ట్ చేస్తే ఆర్కైవ్‌లో ఉన్నవన్నీ వరసగా చదివి, ఆ తర్వాత మీరు పెట్టిన ఫైళ్లలోకి వస్తుంది.

చివర్లో లాగ్‌లో "ఇన్‌వాలిడ్ రికార్డ్ లెంగ్త్" అని పడితే కంగారుపడకండి. సగం నిండిన ముక్కలో రాత ఎక్కడ ఆగిందో అక్కడికి చేరిందని దాని అర్థం. దాని దగ్గర్లోనే ఆఖరి ట్రాన్సాక్షన్ ఏ టైమ్‌దో చెప్పే లైను ఉంటుంది. మాకు అందులో 7:41 కనిపించింది. 212 బిల్లులూ వచ్చాయని, రసీదుల కార్బన్ కాపీలతో ఒక్కొక్కటీ సరిచూశాకే కౌంటర్ తెరిపించాను.

డిస్క్ పాడవకుండా ఎవరో తప్పు అప్‌డేట్ కొట్టిన కేసయితే రికవరీ టార్గెట్ టైమ్ ఇవ్వాలి, తప్పు జరగడానికి కొన్ని సెకన్ల ముందుది. టైమ్ పక్కన +05:30 తప్పకుండా రాయండి. అది మన భారత సమయం అని చెప్పే గుర్తు. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే అయిదున్నర గంటల తేడాతో తప్పు చోట ఆగుతుంది. ఆ టైమ్‌కి చేరాక డిఫాల్ట్‌గా పాజ్‌లో ఉంటుంది కాబట్టి టేబుల్స్ చూసుకుని, సరే అనుకుంటేనే ముందుకు పంపండి.

డేటాబేస్ లేచిన వెంటనే కొత్త బేస్ బ్యాకప్ తీయండి. రికవరీ తర్వాత టైమ్‌లైన్, అంటే వాల్ వరసకి ఇచ్చే నంబరు, మారుతుంది, పాత బ్యాకప్ మీద ఆధారపడితే తర్వాతి రికవరీ ఇంకా చిక్కుగా ఉంటుంది.

వేగం విషయానికొస్తే, అంతా బ్యాకప్ ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడుతుంది. 90 జీబీ లోకల్ గిగాబిట్ నెట్‌వర్క్ మీద సుమారు పావుగంటలో వస్తుంది. అదే క్లౌడ్ నుంచి 100 ఎంబీపీఎస్ లైన్ మీద దించితే రెండు గంటలు. క్లౌడ్‌లో ఒక కాపీ ఉండాల్సిందే, కానీ ఒకటి పక్క మెషీన్‌లోనూ పెట్టుకోండి.

ఆ మంగళవారం సాయంత్రమే ఆర్కైవ్ టైమ్అవుట్‌ని, అంటే ముక్క నిండకపోయినా ఆర్కైవ్‌కి పంపే గడువుని, 60 సెకన్లకి మార్చాను. అంతకుముందు అది డిఫాల్ట్‌గా సున్నా. సున్నా అంటే ముక్క నిండేదాకా ఆర్కైవ్‌కి వెళ్లదు, బిల్లులు తక్కువ పడే వేళల్లో దానికి గంటలు పట్టొచ్చు. ఆ రోజు వాల్ డిస్క్ కూడా పోయుంటే 49 నిమిషాల బిల్లులూ పోయేవే.

బ్యాకప్ తీస్తున్నాం కదా అనుకుంటే సరిపోదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్ కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌నే చెరిపేశారు. తీరా చూస్తే డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ (డేటాని ఫైలుగా తీసే బ్యాకప్) తీసే టూల్ 9.2 వెర్షన్, అందుకని డంప్ ఫెయిలవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. చివరికి ఆరు గంటల పాత స్నాప్‌షాట్ (డిస్క్ నకలు) ఒకటి దొరికితే దాంతో నిలబెట్టారు. ఇదంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు, దానికి నేను చాలా గౌరవిస్తాను.

ఖమ్మంలో ఇప్పుడు నెలకో ఆదివారం ఆ కుర్రాడే వేరే మెషీన్‌లో మొదటి నుంచి చివరిదాకా రిస్టోర్ చేస్తాడు, నేను ఫోన్‌లో ఉంటాను కానీ మాట్లాడను. మొదటిసారి గంటా యాభై నిమిషాలు పట్టింది. మొన్న 38. తేదీ, నిమిషాలు, ఆఖరి బిల్లు నంబరు సర్వర్ ర్యాక్‌కి అంటించిన కాగితం మీద రాసిపెడుతున్నాడు.