నెపోలియన్ కాలపు యుద్ధాశ్వం గీద్దాం – 4వ పాఠం: జీను, కళ్లెం

పోయిన పాఠంలో గుర్రం ఎముకల గూడు, దాని మీద కండలు గీసి ఆపాం. ఈసారి ఆ ఉత్త గుర్రానికి జీను కడదాం. మనం గీస్తున్నది ఫ్రెంచి క్యూరాసియర్ గుర్రం. క్యూరాసియర్ అంటే ఛాతీకీ వీపుకీ ఉక్కు కవచం తొడుక్కుని పోరాడే రౌతు. ఆ కవచం ఒక్కటే దాదాపు 7-8 కిలోలు. కాలం 1807 అనుకుందాం, ఐలౌ, ఫ్రీడ్‌లాండ్ యుద్ధాలు జరిగిన ఏడాది.

ముందు ఒక నియమం పెట్టుకోండి. గుర్రానికి ఏది ముందు కడతారో కాగితం మీదా అదే ముందు గీయాలి. కొత్తవాళ్లు నీలం గుడ్డ, తెల్ల గొర్రెతోలు చూసి ముచ్చటపడి ముందు వాటికి రంగు వేసేస్తారు, తర్వాత తోలు పట్టీలు అతికిస్తారు. అలా చేస్తే పట్టీలన్నీ గాల్లో మొదలై గాల్లోనే ఆగిపోతాయి. ప్రతి పట్టీ ఏదో ఒక బరువును పట్టి ఉంచుతుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో తెలిశాకే గీత పెట్టండి.

జీనుతో మొదలెడదాం. హుస్సార్ల వంటి తేలిక దళాలు హంగేరీ పద్ధతి జీను వాడేవి. అది కొయ్య చట్రం, దాని కింద మడత పెట్టిన దుప్పటి. క్యూరాసియర్లది ఫ్రెంచి పద్ధతి జీను. దీనిలోపలా కొయ్య చట్రమే ఉంటుంది గానీ, పైన తోలు కూర్చునే చోటు, అడుగున రెండు పక్కలా కూరిన మెత్తలు ఉంటాయి. ఆ మెత్తలు వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండల మీదే ఆనాలి. సరిగ్గా వెన్నుపూస మీద సన్నటి ఖాళీ ఉండాలి. వెనక నుంచి చూసే బొమ్మ గీస్తుంటే ఈ ఖాళీని తప్పక చూపించండి. అది లేకపోతే బరువంతా వెన్ను మీద పడి పుండు పడుతుంది.

1812లో రష్యా వెళ్లిన దళాల్లో ఈ జీను పుళ్లు, మేత కరువు కలిసి గుర్రాలను తుడిచిపెట్టాయి. గుర్రం చిక్కిపోతే, నిన్నటిదాకా సరిపోయిన జీను వదులై, మూపు మీదికి దిగి రాపిడి పెడుతుంది. అందుకని మీరు రష్యా దండయాత్ర గీస్తుంటే డొక్కలు లోపలికి పీక్కుపోయిన గుర్రం గీసి, పొట్ట కింది తంగును బాగా లాగి కట్టినట్టు, మిగిలిన పట్టీ కొస పొడుగ్గా వేలాడుతున్నట్టు చూపించండి. కవాతు మైదానంలో నిగనిగలాడే గుర్రాన్ని మంచులో నిలబెడితే అది అబద్ధపు బొమ్మ అవుతుంది.

తంగు అయ్యాక రొమ్ము పట్టీ. జీను వెనక్కి జారకుండా ఆపేది ఇదే. ముందుకు జారకుండా తోక కింద నుంచి తిరిగివచ్చే పట్టీ ఇంకొకటి ఉంటుంది. రికాబులు కిందికి గీయండి. ఈ రౌతులు కాలు దాదాపు చాచి కూర్చునేవాళ్లు, మోకాలు ఎత్తి కూర్చుంటే పందెపు గుర్రం జాకీలా కనిపిస్తాడు.

ఇప్పుడు తల. ఈ పాఠంలో ఎక్కువసేపు ఇక్కడే కూర్చోండి. లాయంలో కట్టేసే తలపట్టీని కళ్లెం కిందే ఉంచేవాళ్లు, కాబట్టి చెంప మీద పట్టీలు జంటగా కనిపిస్తాయి. నోట్లో ఇనుములూ రెండే. ఒకటి మధ్యలో కీలున్న సన్నటిది, దాని ఉంగరం పెదవి మూల దగ్గరే ఉంటుంది. రెండోది గట్టి కళ్లెం, నోటి నుంచి కిందికి దిగే పొడుగాటి కాడలు దీనికి ఉంటాయి. కాడ పైభాగాన బయటివైపు గుండ్రటి ఇత్తడి బిళ్ల మెరుస్తుంటుంది. గడ్డం కింద చిన్న గొలుసు. పగ్గం లాగితే కాడ వెనక్కి వాలి, గొలుసు గడ్డాన్ని నొక్కుతుంది. అంత పెద్ద జంతువును రౌతు ఎడమచేత్తో అదుపు చేసేది ఈ మీటతోనే, కుడిచేతిలో పొడుగాటి తిన్నని కత్తి ఉంటుంది మరి.

అందువల్ల మొత్తం నాలుగు పగ్గాలు ఆ ఎడమ పిడికిట్లోకి చేరాలి: ఉంగరం నుంచి రెండు, కాడ కొస నుంచి రెండు. పగ్గం వదులుగా ఉంటే కాడను నోటికి నిలువుగా గీయండి. లాగి ఉంటే సుమారు 45 డిగ్రీలు వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిపించండి. పగ్గం బిగుతుగా, కాడ నిలువుగా ఒకే బొమ్మలో ఉండకూడదు. చాలా చిత్రాల్లో నేను మొదట చూసేది ఈ ఒక్క చోటే, గీసినవాడికి గుర్రం తెలుసో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇక పైతొడుగులు త్వరగా అయిపోతాయి. జీను ముందు అటొకటి ఇటొకటి పిస్తోలు తిత్తులు. వాటినీ కూర్చునే చోటునూ కలిపి తెల్ల గొర్రెతోలు కప్పుతుంది కనుక తిత్తుల ఉబ్బు మాత్రమే తెలియాలి. తోలు వెనక ముదురు నీలం గుడ్డ, దానికి తెల్ల అంచు, వెనక మూలలో మండుతున్న గ్రెనేడు గుర్తు. జీను వెనక చతురస్రపు కొసలున్న నీలం బట్టల మూట, దాని మీద మడిచిన పైకోటు. అధికారి గుర్రమైతే గొర్రెతోలు తీసేసి అంచులు వెండి రంగులో వేయండి. బాకా ఊదేవాడి గుర్రం సాధారణంగా తెల్లది, దాని మీద చాలాసార్లు నల్ల గొర్రెతోలు ఉండేది. తల పట్టీలన్నీ నల్లవే, కాకపోతే ఉత్త నలుపు పూయకండి, వంపు తిరిగే చోట కాస్త నీలం కలిపితే తోలు మెరుపు వస్తుంది.

ఈ వారం అభ్యాసం: తల ఒక్కటే మూడుసార్లు గీయండి. మొదటిది పగ్గాలు వదులుగా, రెండోది బిగించి, మూడోది రౌతు పడిపోయాక పగ్గాలు నేల మీద ఈడ్చుకుపోతూ. మూడింట్లోనూ గడ్డం గొలుసు ఎక్కడుందో కనిపించాలి. వచ్చే పాఠంలో రౌతును ఎక్కిద్దాం, కవచం పట్టీలతో సహా.