కొట్లాడి వచ్చిన పిల్లాడితో ఎలా మాట్లాడాలి

మా వాడికి 14 ఏళ్లు. పోయినేడు ట్యూషన్‌లో తోటి పిల్లాడిని కొట్టి, చొక్కా గుండీలు ఊడిపోయి ఇంటికొచ్చాడు. "ఎందుకు కొట్టావురా?" అని నిలదీశాను. గోడకేసి చూస్తూ పిడికిలి బిగించాడే తప్ప నోరు విప్పలేదు.

ఆ క్షణంలో ఆ ప్రశ్న అడగకండి. ప్రమాదం అనిపించగానే మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం వెంటనే స్పందిస్తుంది. ఆగి, ఆలోచించి అదుపు చేసే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది.

ముందు నీళ్లివ్వండి, కాసేపు వదిలేయండి. నేనైతే మా విశాఖలోని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తాను. ఎదురుగా కూర్చుంటే రాని మాట, మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది. "ముందు ఏం జరిగింది? తర్వాత?" అని వరసగా అడగండి. "అందరి ముందు మొద్దు అన్నాడమ్మా" అన్నాడు చివరికి. "అవమానంగా అనిపించిందా నాన్నా?" అన్నాను. అప్పుడు ఏడ్చాడు. కొట్టినందుకు క్షమాపణ చెప్పించాలి, కానీ అది మర్నాడు.

మామూలు రోజుల్లోనూ పనులన్నీ ఒకేసారి కాకుండా ఒక్కొక్కటే చెప్పండి. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

కోపం నెలల తరబడి తగ్గకపోతే పొగరని తేల్చేయకండి. డిప్రెషన్ కూడా చిరాకుగా బయటపడొచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మా వాడికి అసలు చదవడంలోనే ఇబ్బందని నిపుణులు చేసిన పరీక్షల్లో తేలింది. అన్నాళ్లూ బద్ధకమని తిట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.