గోటి తలంబ్రాలు, గుప్పెడంటే గుప్పెడు

చెల్లి పెళ్లికి తలంబ్రాలు మన చేత్తోనే చేద్దామని పట్టుబట్టింది నేనే. భద్రాచలం సీతారాముల కల్యాణానికి కోరుకొండ వైపు భక్తులు వడ్లను గోటితో ఒలిచి పంపుతారు కదా, అదీ నా ఆలోచన. ఐదు కిలోల వడ్లు తెచ్చాను. పిన్ని, అత్తయ్య, పక్కింటి మామ్మగారు, పిల్లలు, అందరం అరుగు మీద కూర్చున్నాం. గంట గడిచేసరికి గోళ్లు మండిపోయాయి. పళ్లెంలో గుప్పెడు గింజలు కూడా లేవు. పెళ్లి తొమ్మిది రోజుల్లోకి వచ్చేసింది, ఒకటే టెన్షన్.

మామ్మగారే దారి చూపారు. "అన్నీ ఒలవాలని ఎవరన్నారే? తలా గుప్పెడు ఒలిచి మామూలు బియ్యంలో కలిపేయండి, చాలు."

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. పసుపు నీళ్లలో కలిపి బియ్యానికి పట్టించి, డబ్బాలో పోసి మూత పెట్టేశాను. మర్నాటికి ముద్ద కట్టి, పులిసిన వాసన! గోటి బియ్యం అందులో ఇంకా కలపలేదు కాబట్టి బతికిపోయాం.

రెండోసారి నీటి చుక్క తగలనివ్వలేదు. ముందు నూకలు ఏరేశాం. కిలో బియ్యానికి రెండు చెంచాల నెయ్యి, ఒక చెంచా పసుపు. నెయ్యి అరచేతులకు రాసుకుని బియ్యానికి పట్టించాక పసుపు చల్లి కలిపాం. పాత పంచె మీద, నీడలో ఒక పూట ఆరబెట్టి గుడ్డసంచిలో కట్టాం.

ముహూర్తం వేళ పెళ్లికొడుకు దోసిలి ఎత్తితే గింజ గింజ విడివిడిగా జారింది. చెల్లి పూలజడలో ఇరుక్కున్నవి ఏరడానికే అరగంట పట్టింది.