కంటి పీడనం కొలుద్దాం – 5వ పాఠం: లేజర్ చేయించుకున్న కన్ను

నీలికాంతిలో రెండు ఆకుపచ్చ అర్ధవలయాల లోపలి అంచులు తాకేదాకా టోనోమీటర్ (కంటి పీడనం కొలిచే పరికరం) డ్రమ్ము తిప్పడం గత పాఠంలో నేర్చుకున్నాం. అంచులు చక్కగా కలిసినా అంకె తప్పయ్యే కన్ను ఒకటుంది.

తిరుపతిలో నేను పనిచేసే క్లినిక్‌కు చిత్తూరు నుంచి ఒకాయన చత్వారం అద్దాల కోసం వచ్చారు. కంటికి ఆపరేషన్ ఏమైనా జరిగిందా అంటే లేదన్నారు. పీడనం 13 (పాదరస మి.మీ.) వచ్చింది, బాగుందని రాశాను. డాక్టరుగారు కంటినరం గుంట పెద్దదిగా ఉండటం చూసి, పీడనం నరాన్ని దెబ్బతీస్తోందేమోనని అనుమానించి, "చదువుకునే రోజుల్లో అద్దాలు ఉండేవా?" అని అడిగారు. "ఉండేవండీ, పెళ్లికి ముందు లేజర్‌తో తీయించేసుకున్నాను." పాకీమీటర్ పెడితే కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మందం 468 మైక్రాన్లు. ఆయన అబద్ధం చెప్పలేదు. లేజర్‌ను ఆపరేషన్‌గా చాలామంది లెక్కించరు. నేను అడిగిన తీరే సరిగా లేదు. కాబట్టి టోనోమీటర్ ముట్టుకునే ముందు అడగండి: "ఇదివరకు అద్దాలు వాడేవారా? ఎలా మానేశారు?"

గోల్డ్‌మన్ టోనోమీటర్ కార్నియాను 3.06 మి.మీ. వ్యాసం మేర చదును చేసే బలాన్ని కొలుస్తుంది. ఆ వ్యాసం దగ్గర కార్నియా బిరుసు వెనక్కి నెట్టేదీ, కన్నీటిపొర లోపలికి లాగేదీ సరిసమానమవుతాయి. మందం సుమారు 520 మైక్రాన్లు ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. లేజర్ చెక్కేది ఆ మందాన్నే. 6 మి.మీ. వ్యాసంలో చెక్కితే ఒక్కో డయాప్టర్‌కు (అద్దాల పవర్ కొలమానం) సుమారు 12 మైక్రాన్లు, అంటే మైనస్ 5 ఉన్నవారికి 60 పోతాయి. పైగా లాసిక్ అనే లేజర్ పద్ధతిలో లేపి మూసిన కార్నియా పైపొర మునుపటి బిగువుతో అతుక్కోదు. అలాంటి కార్నియా తేలికగా చదునవుతుంది. లోపలి పీడనం అలాగే ఉన్నా అంకె తగ్గుతుంది.

ఇన్ని మైక్రాన్లకు ఇంత కలపమనే పట్టికలు కనిపిస్తాయి. వాటిని నమ్మి అంకె దిద్దకండి. అవి ఎందరివో సగటులు, మీ ముందున్న కన్ను ఒక్కటి. వచ్చిన అంకెనే రాసి, పక్కన మందం, పరికరం పేరు, కొలిచిన సమయం, "లేజర్ అయింది" అన్న మాట చేర్చండి. తర్వాతి సందర్శనల్లోనూ అదే పరికరం వాడండి. డైనమిక్ కాంటూర్ టోనోమీటర్ అందుబాటులో ఉంటే దానితోనూ చూడండి, అది మందం మీద అంతగా ఆధారపడదు. శస్త్రచికిత్సకు ముందరి చీటీ ఇంట్లో ఉంటే తెమ్మనండి, అది బంగారం.

కొత్తగా లేజర్ అయి, స్టెరాయిడ్ చుక్కలు వాడుతూ చూపు మసకబారిందన్నవారి విషయంలో మరింత జాగ్రత్త. స్టెరాయిడ్ వల్ల పీడనం పెరిగి పొర కింద నీరు చేరితే, మధ్యలో కొలిచినప్పుడు అంకె మోసపూరితంగా తక్కువగా వస్తుంది. అక్కడ 8 చూసి ఊరుకోకండి. టోనోపెన్‌తో (పెన్నులా చేత్తో పట్టుకునే టోనోమీటర్) కార్నియా అంచు దగ్గర కొలిచి, రెండు అంకెలూ వెంటనే డాక్టరుకు చూపించండి.

అభ్యాసం: ఈ వారం అద్దాలు లేకుండా వచ్చే పదిమందిని పై ప్రశ్న అడిగి, జవాబులను మీ నోటుపుస్తకంలో రాయండి. వచ్చే పాఠంలో పాకీమీటర్ పట్టుకోవడం.