ముట్టుకున్నది మంచం కమ్మీనే అయినా

విశాఖలో మెడికల్ వార్డులో పంతొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలని కొత్తగా చేరిన అమ్మాయిలను అడిగితే ఐదు సందర్భాలూ గడగడా చెప్పేస్తారు: పేషెంటును ముట్టుకునే ముందు, ఇంజెక్షన్ లాంటి పనికి ముందు, రక్తమో మూత్రమో తగిలే పని అయ్యాక, పేషెంటును ముట్టుకున్నాక, పేషెంటు చుట్టూ ఉన్నవి ముట్టుకున్నాక. డ్యూటీలో మరిచిపోయేది ఆ ఐదోదే.

నేనూ మరిచిపోయాను. ఓ రాత్రి, విరేచనాలతో ఉన్న పేషెంటుకు సెలైన్ ఆగిపోయిందని పిలిచారు. మంచం కమ్మీ పట్టుకుని వంగి, రెగ్యులేటర్ సరిచేశాను. మనిషిని ముట్టుకోలేదు కదా అని నేరుగా పక్క బెడ్ పెద్దాయన క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్న గొట్టం) మీద చెయ్యి వెయ్యబోయాను. ఇన్‌చార్జ్ సిస్టర్ నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

విరేచనాల కేసుల్లో సబ్బు, నీళ్లే వాడండి. విరేచనాలు తెచ్చే సి. డిఫిసిల్ లాంటి క్రిముల స్పోర్లు (గట్టి పొరలో ఉండే వాటి రూపాలు) శానిటైజర్‌కు చావవు. సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. మన ఊరి ఉక్కకు గ్లవ్స్ తీసేసరికి చేతులు చెమటతో తడిసి ఉంటాయి. తడి మీద రాస్తే శానిటైజర్ పల్చబడిపోతుంది, తుడుచుకుని రాసుకోండి. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని ఊరుకోవద్దు. కంటికి కనపడని చిల్లులుంటాయి, తీసేటప్పుడూ మురికి అంటుతుంది. ఒక జత ఒక్క పేషెంటుకే.

మీరెలా రుద్దుతున్నారో తెలియాలంటే గ్లవ్స్ వేసుకుని, అరచేతిలో కాస్త నీలం పోస్టర్ రంగు పోసుకుని, కళ్లు మూసుకుని రోజూలాగే రుద్దండి. కళ్లు తెరిచి చూస్తే బొటనవేలి చుట్టూ, వేళ్ల చివర్లు రంగు అంటకుండా మిగిలిపోయి ఉంటాయి. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే పెట్టి రండి.

సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, వెంటనే వాడిన సూదుల కోసం ఉంచే తెల్ల డబ్బాలో వెయ్యండి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, సిగ్గుపడకుండా ఇన్‌చార్జ్‌కు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లోపు మొదలుపెడితే మంచిది. 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు.

పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన బంధువులు రాత్రంతా ఆ కమ్మీ పట్టుకునే కూర్చుంటారు. వాళ్లకూ చేతులు రుద్దడం చేసి చూపించండి. మంచం దగ్గరి శానిటైజర్ సీసా ఖాళీ అయితే డ్యూటీ దిగే ముందే నింపించండి, చేతికి అందకపోతే ఎవరూ వాడరు.